రేకుడబ్బా ఇన్‌స్పెక్టరు మీద ఫిర్యాదులు

నేను అతనికి సెల్యూట్ కొట్టాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చేతిని నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

మధ్యాహ్నం రెండున్నర. బయట వాన దంచుతోంది. స్టేషన్లో నేనూ, గుమ్మం దగ్గర సెంట్రీ కానిస్టేబులూ తప్ప ఎవరూ లేరు. నేను రైటర్ని. రైటరంటే కథలు రాసే మనిషిననుకునేరు, పోలీస్ స్టేషన్లో ఫిర్యాదులు రాసుకునే కానిస్టేబుల్ని. వచ్చినవాళ్లు ఏడుస్తూ, తిట్టుకుంటూ చెప్పేదాన్ని వరసలో పెట్టి, కాగితం మీదికెక్కించి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకోవడం నా ఉద్యోగం. ఆరేళ్లుగా ఈ ఊరి గోలంతా నా చేతిరాతలోనే ఉంది.

జీపు ఆగింది. సెంట్రీ బూట్లు టపీమన్నాయి. మూడు నక్షత్రాల యూనిఫాంలో ఆరడుగుల మనిషి లోపలికి వచ్చాడు. చెప్పాపెట్టకుండా ఎవరో తనిఖీకి వచ్చారనుకుని గభాల్న లేచి, టోపీ పెట్టుకుని, మడమలు కలిపి, ఫస్ట్ క్లాస్ సెల్యూట్ కొట్టాను.

అతనూ తిరిగి కొట్టాడు. నెత్తిన టోపీ లేదు!

టోపీ లేకుండా సెల్యూట్ కొట్టకూడదన్నది మాకు ట్రైనింగ్ మొదటి రోజు నేర్పే పాఠం. నేను కిందనుంచి పైదాకా చూశాను. కుడి జేబు మీద ఉండాల్సిన నేమ్‌ప్లేటు ఎడమ జేబు మీద ఉంది. బెల్టు బిళ్ల పక్కకి తిరిగి ఉంది. మొహానికి పౌడరుంది.

"తమరిది ఏ స్టేషన్ సార్?" అన్నాను.

"ఏడు గంటల సీరియల్ అండీ" అన్నాడు. "పక్క వీధిలో షూటింగ్. వానకి ఆగిపోయింది. తాగడానికి కాసిని నీళ్లుంటే..."

అడిగింది నీళ్లే. ఆ గొంతుకి మాత్రం వీధి చివర కుక్క మొరగడం మొదలుపెట్టింది.

"మరి సెల్యూట్ ఎందుకు కొట్టారు?"

"మీరు కొట్టారుగా! స్టేజి మీద ఎదుటివాళ్లు ఏం చేస్తే దానికి జవాబివ్వాలి. పదిహేనేళ్ల అలవాటు."

"ఇది స్టేజి కాదండీ."

"అవునవును. కానీ మీరు కొట్టిన సెల్యూట్ మాత్రం చాలా బాగుంది" అని నవ్వాడు. సెంట్రీ కూడా నవ్వాడు. సాయంత్రానికల్లా స్టేషన్లో ప్రతివాడూ నన్ను చూసి లేచి నిలబడి సెల్యూట్ కొట్టడమే. ఒళ్లు మండిపోయింది.

ఇంటికెళ్లేసరికి నాన్న టీవీ ముందున్నాడు. నాన్న కూడా పోలీసే, ముప్పై నాలుగేళ్లు చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. ఒంటి మీద నుంచి యూనిఫాం పోయింది గానీ నోట్లోంచి పోలేదు. పాలవాడు అయిదు నిమిషాలు ఆలస్యంగా వస్తే "ఇంతసేపూ ఎక్కడున్నావు? సాక్ష్యమెవరు?" అని అడిగే రకం.

"అమ్మాయ్, ఇటురా! ఎవడే వీడు? పోలీసా, పెళ్లికొడుకా?"

చూద్దును కదా, మధ్యాహ్నం వచ్చిన మహానుభావుడే. దొంగ పారిపోతుంటే వెంటపడటం మానేసి, నడిరోడ్డు మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, చెయ్యి పైకెత్తి, "చట్టానికి కళ్లు లేకపోవచ్చు... నాకున్నాయిరా!" అని అరుస్తున్నాడు. దొంగ పాపం మర్యాదస్తుడు. డైలాగు అయ్యేదాకా ఆగి మరీ పారిపోయాడు.

"ఖాళీ డబ్బాకి మోత ఎక్కువని ఊరికే అన్నారా? రేకుడబ్బా వెధవ!" అన్నాడు నాన్న. ఆ రోజునుంచీ మా ఇంట్లో అతని పేరు రేకుడబ్బా. "కాగితం తీసుకో, నేను చెప్తా, నువ్వు రాయి."

సీరియల్లో తప్పులన్నీ నాన్న వరసగా చెప్పాడు, నేను రాశాను. ఒకటి, టోపీ లేకుండా సెల్యూట్. రెండు, నేమ్‌ప్లేటు తప్పు జేబు మీద. మూడు, హత్య జరిగిన గదిలో కత్తిని ఉత్త చేత్తో పట్టుకుని, గాల్లో తిప్పి, బల్లమీద పెట్టుట. నాలుగు, ఆ బల్లమీదే కూర్చొనుట. మొత్తం పదకొండు తేలాయి. 'ఇట్లు, ఒక ప్రేక్షకుడు' అని పెట్టమని, మంచినీళ్లు తాగడానికి లేచాడు.

అప్పుడు నాకు సెంట్రీ నవ్వు గుర్తొచ్చింది. సంతకానికి పైన ఒక వాక్యం నా సొంతంగా చేర్చాను: "ఇంతటివానికి యూనిఫాం కుట్టిన టైలరుకు మా ప్రగాఢ సానుభూతి తెలియజేయగలరు."

మా ఊళ్లోనే ఉన్న ఆ ఛానల్లో, ఆఫీసు పెట్టెలో వేసిన ప్రేక్షకుల ఉత్తరాలు ఆదివారం సాయంత్రం చదివే కార్యక్రమం ఒకటుంది. యాంకరమ్మ మా ఉత్తరం తీసి, పదకొండు తప్పులూ చదివి, ఆఖర్న నా వాక్యం దగ్గర పగలబడి నవ్వింది. సోమవారం బస్సులో ఇద్దరు కాలేజీ పిల్లలు దాన్ని అప్పజెప్పుకుని మరీ నవ్వుకుంటున్నారు. ఆరేళ్లలో వేల పేజీలు రాశాను. అన్నీ ఊరివాళ్ల మాటలే. నా మాట ఒకటి విని నలుగురు నవ్వడం అదే మొదలు. ఒళ్లు పొంగిపోయింది, అబద్ధమెందుకు?

ఇక ప్రతివారం ఉత్తరమే. తప్పులు నాన్నవి, ఆఖరి వాక్యం నాది. "దొంగ ఊరు దాటిన తరువాత కూడా డైలాగు పూర్తి చేసే ఓపికకు అభినందనలు" అని ఒక వారం. "ఈ ఇన్‌స్పెక్టరు గుసగుస కూడా మా వీధిలో వినపడినది, టీవీ కట్టేసి ఉండగా" అని ఇంకో వారం.

నాలుగో ఉత్తరం వెళ్లాక రేకుడబ్బా మా స్టేషన్లో మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. ఈసారి మామూలు చొక్కాలో. మా ఇన్‌స్పెక్టరుగారి భార్య ఆ సీరియల్ ఒక్క రోజు వదలదట. అందుకని, రోజూ సాయంత్రం ఓ గంట స్టేషన్లో కూర్చుని పోలీసు పని చూడ్డానికి ఆయన సరేనన్నారు. బెంచీ నా బల్లకి ఎదురుగా ఉంది. నా ఖర్మ.

"మళ్లీ సెల్యూట్ కొడతారేమో అనుకున్నా" అన్నాడు.

"టోపీ తెచ్చుకోండి, చూద్దాం."

"ఆ మాట ఎక్కడో విన్నట్టుందే. వారం వారం నా మీద ఉత్తరాలొస్తున్నాయి లెండి, చదివాక ఛానల్ వాళ్లు నా చేతికే ఇస్తారు. మహా చెడ్డ నోరు."

నా కలం ఆగింది. "ఎవరు రాస్తున్నారట?"

"ఎవరో ఒక ప్రేక్షకుడు. దొరికితే..."

"దొరికితే?"

"ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు" అని నా వంకే చూశాడు. నేను ఫైల్లో తల దూర్చాను.

ఉన్నమాట చెప్పాలి, మనిషి చెడ్డవాడు కాదు. బడాయి మాత్రం బోలెడు. నాటకాల కంపెనీలో రాజులూ సేనాపతులూ తప్ప వెయ్యలేదట. టీవీలో షూటింగ్ రోజు పొద్దున దాకా డైలాగు కాగితం ఇవ్వరట. తీసింది ఆ సాయంత్రమే వేసేస్తారట, రెండోసారి తీసే తీరికే ఉండదట. కెమెరా వెనకనుంచి ఎవరో ఒక్కో ముక్కా చదువుతుంటే చిలకలా పలకడమేనట. మొదటి రోజు అలవాటు కొద్దీ ఆఖరి వరసకి వినబడేలా పలికితే, సౌండ్ చూసే అతను చెవులు పట్టుకుని కుర్చీలోంచి లేచిపోయాడట.

"అంత కష్టమైతే నాటకాల్లోకే పోవచ్చుగా?" అన్నాను.

"పోలేను" అన్నాడు. గొంతు మొదటిసారి తగ్గింది. "చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే మా నాటకాల మేష్టారే పెంచారు. టీవీకి వెళ్తానంటే, వెళ్తే మళ్లీ నా గుమ్మం తొక్కకు, తొక్కినా తెర లాగే పనే ఇస్తా అన్నారు. మూడు నెలల కాంట్రాక్టు. వీళ్లకి నచ్చితే ఉంటా. నచ్చకపోతే నాకు ఇటూ లేదు, అటూ లేదు."

అది విన్నాక బుద్ధున్న మనిషైతే ఉత్తరాలు మానేస్తుంది. నేను మానలేదు. శనివారం నాన్న చెప్పాడు, నేను రాశాను, నా వాక్యం నేను చేర్చాను. ఆదివారం ఊరంతా నవ్వింది.

అతను మాత్రం రోజూ వచ్చేవాడు. మొదట్లో గోడకున్న లాఠీలూ, తాళాలూ, మా ఇన్‌స్పెక్టరుగారి నడకా చూసేవాడు. తర్వాత నన్ను చూడటం మొదలుపెట్టాడు. ఓ రోజు సైకిలు పోయిన ముసలాయన వచ్చి అరగంట పాటు సైకిలు గురించి తప్ప అన్నీ చెప్పాడు. నేను వింటూ కూర్చున్నాను. ఆయన వెళ్లాక రేకుడబ్బా అన్నాడు: "పోలీసంటే అరుపనుకున్నానండీ. మీరు గొంతే ఎత్తరు. ఎదుటివాళ్లే తగ్గుతారు."

"అరిస్తే చెప్పేది మర్చిపోతారు. మళ్లీ మొదట్నుంచి రాసుకోవాలి. బద్ధకం, అంతే."

"బద్ధకం కాదులెండి" అన్నాడు.

ఆ వారం సీరియల్లో ఒక తల్లి కూతురు కనపడటం లేదని స్టేషన్‌కి వచ్చింది. రేకుడబ్బా లేచి కుర్చీ జరిపాడు. ఆమె ఏడుస్తుంటే ఒక్క మాట మాట్లాడకుండా, మెడ కాస్త వంచి, విన్నాడు. టోపీ, బెల్టు, నేమ్‌ప్లేటు, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. నాన్న కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆ వారమంతా వెతికినా ఒక్క తప్పు దొరకలేదు. శనివారం మా ఇంట్లో కాగితం తియ్యలేదు.

"ఏంటో తోచడం లేదే" అన్నాడు నాన్న, పంటి నొప్పి ఉన్నవాడిలా.

నాకూ తోచలేదు. వంటింట్లోంచి అమ్మ అంది: "తిట్టడానికైనా సరే, ఒక మనిషిని అంత పరీక్షగా చూస్తారటే ఎవరైనా?"

"నేనెక్కడ చూస్తున్నాను?"

"టీవీకి మూరెడు దూరంలో కూర్చున్నావు. మొన్నటిదాకా గదిలోకే వచ్చేదానివి కాదు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. లేచి విసవిసా వెళ్లిపోయాను.

సోమవారం ఏడింటికి నాన్న పెట్టిన కేక వీధంతా విన్నది. "ఎడమ చేత్తో కొట్టాడే! సెల్యూట్ ఎడమ చేత్తో కొట్టాడు!" ఆ ఆనందం ఇంతా అంతా కాదు. మంగళవారం బేడీలు దొంగకి వెయ్యబోయి తన చేతికే వేసుకున్నాడు. గురువారం టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. పద్నాలుగు తప్పులు! నాకు మతిపోయింది. వారం కింద అంత చక్కగా చేసిన మనిషికి ఇదేం తెగులు? కోపం కొద్దీ రాశాను: "నేర్చినది మరచుటకు కూడా ప్రతిభ కావలెను. ఇతనికి అది దండిగా ఉన్నది." యాంకరమ్మకి నవ్వలేక దగ్గొచ్చింది.

అలా మూడు వారాలు. ఊళ్లో పిల్లలు ఎడమ చేత్తో సెల్యూట్లు కొట్టుకుంటూ తిరిగారు. ఓ సాయంత్రం వాన వెలిశాక అతను స్టేషన్ మెట్ల మీద నిలబడి చాలా మామూలుగా అన్నాడు: "గురువారం నన్ను చంపేస్తున్నారండీ."

"ఎవరు?"

"డైరెక్టరు. ఈ ఇన్‌స్పెక్టర్ని చూస్తే దొంగలు కూడా భయపడటం లేదు, ఉత్తరాలు విని జనం నవ్వుతున్నారు, కథ చెడుతోంది, కాల్చేద్దామన్నాడు. కాంట్రాక్టు కూడా దాంతో సరి."

ఉత్తరాలు రాసింది నేనేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది. "అయ్యో" అని మాత్రం అన్నాను. ఆరేళ్లుగా జనం చేత నిజాలు చెప్పించి రాసుకునే నాకు, నా నిజం ఒక్కటి చెప్పడానికి నోరు పెగల్లేదు. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకోటుందా?

గురువారం ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. నాటకాల్లో అతను పదకొండు నిమిషాలు చచ్చేవాడని, జనం వన్స్ మోర్ అంటే లేచి మళ్లీ చచ్చేవాడని ఒకసారి గొప్పగా చెప్పుకున్నాడు. ఇవ్వాళా రెండు పేజీలు ఉపన్యాసమిస్తాడని నాన్న పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాడు.

తుపాకీ పేలింది. అతను ఏమీ అనలేదు. ఏం జరిగిందో అర్థం కానట్టు చొక్కా వంక చూసుకున్నాడు. గోడ పట్టుకోబోయాడు, అందలేదు. కూలబడ్డాడు. అంతే. అర నిమిషం కూడా లేదు.

నాన్న చేతిలో పెన్సిలు కదల్లేదు. దాన్ని పక్కన పెట్టేసి అన్నాడు: "డ్యూటీలో మావాడొకడు నా పక్కనే ఇలాగే పోయాడమ్మా. అచ్చం ఇలాగే, చొక్కా చూసుకుంటూ... వీడు నటుడే. పిచ్చి ఉత్తరాలు రాసి మనమే వీడి పొట్ట కొట్టాం." టీవీ కట్టేసి లోపలికి వెళ్లిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నేను తలగడలో మొహం పెట్టుకుని ఏడ్చాను. ఎవరికోసమని అడగకండి.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి అతను స్టేషన్‌కి వచ్చాడు. చేతిలో పెట్టె ఉంది.

"ఆరింటి బస్సుకి వెళ్తున్నాను, మేష్టారి దగ్గరికి. తెర లాగడానికి. ఈలోగా ఒక ఫిర్యాదివ్వాలి. రాసుకుంటారా?"

కాగితం తీశాను. "చెప్పండి."

"ఎనిమిది వారాలపాటు ఒక ప్రేక్షకుడు నా గురించి..."

ఇక నావల్ల కాలేదు. కలం పడేశాను. "అవి రాసింది నేనే. నాన్న చెప్తే నేను రాశాను. మీకిది తప్ప దిక్కు లేదని తెలిసి కూడా రాశాను. నలుగురూ నవ్వుతుంటే బాగుండి రాశాను. మీ ఉద్యోగం తీసింది నేనే. ఏం రాయమంటే అది రాస్తాను."

అతను ఆశ్చర్యపోలేదు. గోడమీది బోర్డు చూపించాడు. 'స్టేషన్ ఆవరణలో ఉమ్మరాదు.' నేను రాసిందే. "ఆ 'ఆ'కి అంత పెద్ద తోక ఊళ్లో ఇంకెవరూ పెట్టరు. నేనిక్కడ కూర్చున్న మొదటి రోజే తెలుసు."

"తెలిసి ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు. తప్పులన్నీ దిద్దుకున్నాను. దిద్దుకుంటే ఏమైంది? ఆ వారం ఉత్తరం రాలేదు." బల్లమీది రబ్బరు స్టాంపు అటూ ఇటూ తిప్పాడు. "అందుకని సోమవారం ఎడమ చేత్తో కొట్టాను."

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. "అంటే... అవన్నీ... కావాలని చేశారా?"

"తప్పుల లిస్టు కోసం కాదండీ. కింద ఒక వాక్యం ఉండేది చూశారా, దానికోసం."

"బుద్ధుందా మీకసలు?" స్టేషనంతా దద్దరిల్లింది. ఆరేళ్లలో మొదటిసారి గొంతెత్తాను. సెంట్రీ లోపలికి తొంగిచూశాడు. "తిట్టించుకోవడం కోసం ఉద్యోగం పోగొట్టుకుంటారా ఎవరైనా? గాడిదకైనా ఉంటుంది ఆ మాత్రం జ్ఞానం! ఎదురుగా బెంచీమీద కూర్చున్నారుగా, అడిగితే నేను తిట్టనా?"

"అడగడానికి భయమేసింది. పదిహేనేళ్లుగా ఎవరో రాసిచ్చిన మాటలే పలికాను. నా మాట నాకు రాదు." అతని గొంతు బల్ల దాటి బయటికి వెళ్లలేదు. "ఇదీ నా ఫిర్యాదు. చచ్చినవాడికి ఎవరూ ఉత్తరాలు రాయరు. నాకు ఆ వాక్యం వారం వారం కావాలి. మీరంటే నాకు చాలా ఇష్టం. రాసుకోండి."

రాసుకోలేదు. ఎదురుగా కాగితం అలుక్కుపోయి కనిపించింది.

సరిగ్గా అప్పుడు నాన్న వచ్చాడు, రోజూలాగే నా భోజనం క్యారియరు పట్టుకుని. అతన్ని చూసి గుమ్మంలో ఆగిపోయాడు. "రేకు..." అని నాలిక కరుచుకుని, "నువ్వా బాబూ" అన్నాడు. తర్వాత నా మొహం చూశాడు. నా ముందున్న కాగితం చూశాడు. వెనకనుంచి సెంట్రీ ఏదో చెవిలో ఊదాడు. నాన్న క్యారియరు కింద పెట్టి, కుర్చీ లాక్కుని, రిటైరవ్వనట్టే కూర్చున్నాడు.

"విన్నాను. నేనూ ముద్దాయినే కాబట్టి చెప్తున్నా, ఇది కోర్టుకెళ్లే కేసు కాదు. రాజీ కేసు. రాజీకి రెండువైపుల పెద్దలుండాలి. అమ్మాయి తరఫున నేనున్నా. మీ వాళ్లెవరయ్యా?"

"మేష్టారొక్కరేనండీ. ఆయన నాతో మాట్లాడరు."

"నేను మాట్లాడతాలే. మాట్లాడనివాళ్ల చేత మాట్లాడించడమే ముప్పై నాలుగేళ్లు నా పని. నంబరివ్వు. నువ్వు తెర లాగుతావో, మళ్లీ రాజు వేషమే వేస్తావో ఆయనా నేనూ తేలుస్తాం. ఆ బస్సు రేపూ ఉంటుంది." నా వైపు తిరిగాడు. "రాయమ్మా. ఉభయ పార్టీల వారును పెద్దల సమక్షమున..."

"నువ్వు చెప్పకు నాన్నా" అన్నాను. "ఇది నేనే రాసుకుంటాను."

కొత్త కాగితం తీశాను. అతని వంక చూడకుండా ఒకే ఒక్క లైను రాశాను. రాసింది చదివి వినిపించాలన్నది మా స్టేషన్ రూలు. గొంతు సరిచేసుకుని పైకే చదివాను.

"ఇతను వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు."

ఆరడుగుల మనిషి, ఆఖరి వరసకి వినపడే గొంతున్న మనిషి, కలం అందుకుని సంతకం పెట్టాడు. నాన్న కాగితం లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, అలవాటుగా తప్పులకోసం పైనుంచి కిందకి వెతికాడు. ఒకసారి కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆఖరికి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే, ముందు భోంచెయ్యండి. క్యారియర్లో ఇద్దరికి సరిపోతుంది" అన్నాడు.